ఏటి ఆవలి గట్టు పాఠము

మన కంప్లి కోటవద్ద నిలిచి చూచిన తుంగభద్ర ఆవలి గట్టు కానవచ్చును. 1948 వరకు అది నైజాము రాజ్యము. ఈవలిది మదరాసువారి పాలన.

ఆ రాజ్యమున 1938లో ఉస్మానియా విశ్వవిద్యాలయ విద్యార్థులు వసతిగృహములలో వందేమాతరము పాడిరి. అధికారులు వలదనిరి, మాననివారిని వందలుగా వెళ్ళగొట్టిరి. నాగపూరు విశ్వవిద్యాలయము వారికి తలుపు తెరచినది. అట్లు నాగపూరు వెళ్ళి చదివినవారిలో పి.వి. నరసింహారావుగారొకరు, 1991లో వారు దేశప్రధాని అయిరి.

ఆ పాట కొందరికి ప్రాణము, కొందరికి అభ్యంతరము. అభ్యంతరమున్న బదులు చెప్పవచ్చును. గెంటివేయుట బదులు కాదు.

నేడు మన పిల్లలు బళ్ళారి, హోసపేట కళాశాలలనుండి వచ్చి మనకు గిట్టని మాటన్నచో, మనమును "నోరు ముయ్యి" అనుటలేదా? ముందు పూర్తిగా విందము. కాదనుటకు ఆపైన కావలసినంత పొద్దున్నది.