మీకు తెలుసా? 11 నిమిషముల దూరాన ప్రయోగశాల

2021 ఫిబ్రవరి 9న అరబ్ ఎమిరేట్ల వారి 'హోప్' వ్యోమనౌక కుజగ్రహ కక్ష్యను ప్రవేశించిన వేళ, ఆ వార్తను తెచ్చిన సంకేతము, కాంతివేగమున పయనించియు, భూమిని చేరుటకు సుమారు 11 నిమిషములు పట్టెను.

భూమిపై ప్రయోగశాలలోని కొలత పరికరములను కంప్యూటరుతో జోడించుటకై 1975లో ప్రమాణీకృతమైన ఐఈఈఈ-488 పద్ధతిలోనైతే, కంప్యూటరును గూడ కలుపుకొని 15 యంత్రములకు మించి ఒకే తీగవరుసకు తగిలింపరాదు. ఆ తీగల మొత్తపు పొడవు 20 మీటర్లు దాటరాదు. కాని హోప్‌ను నడుపు దుబాయి నియంత్రణ కేంద్రమునకును, నౌకలోని మూడు పరికరములకును, అనగా ఒక ఛాయాగ్రాహకమునకును, పరారుణ, అతినీలలోహిత వర్ణపటమాపకములకును, నడుమ తీగయే లేదు.

అవి పంపిన కొలతలను 2021 అక్టోబరు నుండి ఎల్లరకును ఉచితముగా తెరచియుంచుట మిక్కిలి ప్రశంసనీయము. ఆసక్తిగల ఏ విద్యార్థియైనను తన ఇంటి కంప్యూటరులోనికి వానిని దించుకొనవచ్చును.