యజమాని వ్రాత, కర్త వ్రాత: ఏపీటీ అమరికల చరిత్రము

1993 ఆగస్టు 16వ తేదీన, అమెరికాలోని పర్డ్యూ విశ్వవిద్యాలయమున చదువుచున్న ఇయాన్ మర్డాక్ డెబియన్ అను లినక్స్ వ్యవస్థను లోకమునకు ప్రకటించిన నాటికి, క్రొత్త ప్రోగ్రామును తన కంప్యూటరులో నెలకొల్పగోరువాడు తఱచుగా దాని సోర్స్ కోడును తెచ్చుకొని, తానే కంపైలు చేసికొని, దానికి వలసిన లైబ్రరీలను తానే సమకూర్చుకొని, ఏ ఫైలు ఎచ్చట చేరెనో తానే జ్ఞాపకముంచుకొనవలసి యుండెను. ఆ శ్రమ తీర్చుటకై పుట్టిన డీపీకేజీ అను ప్యాకేజీ మేనేజరు మొదట షెల్ స్క్రిప్టుగా నుండి, పెర్ల్ భాషను దాటి, 1994లో ఇయాన్ జాక్సన్ చేతిలో సీ భాషారూపమును దాల్చెను. ప్యాకేజీలను విప్పి యథాస్థానముల నుంచుట దాని నిత్యకృత్యము. కాని దానియందలి వివేకము నాకు కాన్ఫిగరేషన్ ఫైళ్ళ విషయముననే ఎక్కువగా గోచరించుచున్నది.

ఏలయన, యూఎస్ఆర్ డైరెక్టరీలోని ఫైళ్ళు ప్యాకేజీ కర్త సొత్తు గనుక, క్రొత్త వెర్షన్ వచ్చినపుడు వానిని నిస్సంకోచముగా మార్చివేయవచ్చును. ఈటీసీ డైరెక్టరీలోనివి మాత్రము కర్త వ్రాసి పంపినవే యైనను, యంత్రమును నడుపు యజమాని తన యవసరము కొలది దిద్దుకొన్నవి, కావున ఇద్దఱికిని హక్కు గలవి. డీపీకేజీ తాను పూర్వము చేర్చిన ప్రతియొక్క ఎండీ5 చెక్‌సమ్‌ను భద్రపఱచుకొని, దానిని ఇప్పుడున్న ఫైలుతోను, క్రొత్తగా వచ్చిన ఫైలుతోను సరిపోల్చును. యజమాని ఫైలును ముట్టనేలేదని తేలినచో క్రొత్తదానిని నిశ్శబ్దముగా నిలుపును. యజమాని దిద్దియుండి, కర్త దిద్దకున్నచో, ఆ దిద్దుబాటును కదలింపదు. ఇరువురును మార్చియున్నపుడు మాత్రమే ఆగి, ఏది యుంచవలయునని యడుగును. డీ అక్షరము నొక్కిన, రెంటికిని గల భేదము పంక్తి వెంట పంక్తిగా కన్పించును. ఊరక ఎంటర్ నొక్కిన, యజమాని వ్రాతయే నిలుచును. ప్యాకేజీని రిమూవ్ చేసినను ఈ ఫైళ్ళు మిగిలియే యుండును. పర్జ్ అన్నప్పుడే పోవును. తెలియనిచోట నడుగుట, అడిగియు మౌనమును యజమాని పక్షమున గ్రహించుట అను ఈ మర్యాద మఱి యే సాధనమునకైనను ఆదర్శప్రాయమే.

1999 మార్చిలో వెలువడిన డెబియన్ 2.1 తో ఏపీటీ అను ప్యాకేజీ సాధనము రంగప్రవేశము చేసి, ఒక ప్యాకేజీ ఆధారపడిన యితర ప్యాకేజీలన్నిటిని తానే వెదకి దింపుకొను సౌకర్యమును కల్పించెను. ఎచ్చటనుండి తేవలయునన్నది సోర్సెస్ డాట్ లిస్ట్ అను ఒకే ఫైలులో, పంక్తికొక మూలము చొప్పున, చిరునామా, విడుదల పేరు, మెయిన్ మొదలగు విభాగములు వరుసగా వ్రాయబడెడిది. మూలము లొకటి రెండైనంతవఱకు ఇది చాలెను. కాని బయటి సంస్థల ప్యాకేజీలు పెరిగి, ప్రతి యిన్‌స్టాలర్ స్క్రిప్టును తన పంక్తిని ఆ ఫైలు చివర అతికించుటకు పూనుకొనగా, అది పదిమంది వ్రాసిన ఉమ్మడి చిట్టావలె తయారై, ఏ పంక్తి యెవరిదో, దేనిని తీసివేసిన నేది చెడునో తెలియరాని స్థితికి వచ్చెను.

దీనికి విరుగుడు సోర్సెస్ డాట్ లిస్ట్ డాట్ డీ అను డైరెక్టరీ. ఒక్కొక్క మూలమునకు ఒక్కొక్క చిన్న ఫైలు. దానిని చేర్చినవాడే దానికి బాధ్యుడు. వలదనుకొన్ననాడు ఆ యొక్క ఫైలును తొలగించిన చాలును. ఇతర అమరికలకు ఏపీటీ డాట్ కాన్ఫ్ డాట్ డీ, ఏ మూలమున కెంత ప్రాధాన్యమో తెలుపుటకు ప్రిఫరెన్సెస్ డాట్ డీ ఇట్లే యేర్పడినవి. వీనిలోని ఫైళ్ళు పేళ్ళ వరుసను చదువబడును గనుక వాని ముందు 20, 50, 99 వంటి అంకెల నుంచుట ఆచారమైనది. 50తో మొదలగు ప్యాకేజీ ఫైలును ముట్టక, 99తో స్వంత ఫైలును వ్రాసికొన్నవానికి, అప్‌గ్రేడు వేళ పైన చెప్పిన ప్రశ్నయే యెదురుగాదు. ఇచ్చట నొక మెలిక గలదు: ఏకవిలువ గల అమరికను తరువాతి ఫైలు త్రోసిరాజనును గాని, జాబితాగా నున్నదానికి క్రొత్త విలువలు చివర చేరునేకాని పాతవి పోవు, పోవలెనన్న క్లియర్ అను ఆదేశమును ముందుగా వ్రాయవలయును. ప్రతి ఫైలు తలపై అది యెందుకు వ్రాయబడెనో రెండు పంక్తుల వ్యాఖ్య నుంచుటయు అత్యావశ్యకమని నా దృఢాభిప్రాయము. ఆరుమాసముల తరువాత ఆ కారణమును చెప్పగల సాక్షి వేఱొకరుండరు.

2007లో వచ్చిన డెబియన్ 4.0 నుండి ఏపీటీ మూలముల డిజిటల్ సంతకములను పరీక్షింప మొదలిడెను. అయినను ఏపీటీ-కీ ఆదేశముతో చేర్చిన, సంతకమును సరిచూచు కీ యేదైనను అన్ని మూలములకును హామీ పడగలిగెడిది. ఒక చిన్న సంస్థ కీ దొంగిలింపబడినచో డెబియన్ మూలములకే ముప్పు వాటిల్లవచ్చును. సైన్డ్-బై అను నియమము ఏ మూలమునకు ఏ కీ చెల్లునో విడదీసి చెప్పి ఆ లోపమును సవరించెను. 1982 నాటి ఈమెయిలు ప్రమాణమైన ఆర్ఎఫ్‌సీ 822 ననుసరించి, పేరు, కోలన్, విలువ అను క్రమమున పంక్తులుగా వ్రాయు డెబ్822 పద్ధతిలో ఈ నియమము చక్కగా నిమిడినది. ఒక మూలమును తాత్కాలికముగా నాపదలచినవాడు ఎనేబుల్డ్ అనుదాని కెదురుగా నో యని వ్రాసిన చాలును.

2024 ఏప్రిల్ నాటి ఉబుంటు 24.04 ఈ పద్ధతినే స్వీకరించినది. 2025 ఆగస్టులో డెబియన్ 13 తో వచ్చిన ఏపీటీ 3.0, పాత పంక్తులను క్రొత్త రూపమునకు మార్చు మోడర్నైజ్-సోర్సెస్ అను ఆదేశమును తెచ్చినది. అది ముందుగా సమ్మతి నడిగి, పాత ఫైలును బాక్ అను తోకతో ప్రక్కన నుంచును. ఆ తోక గల ఫైళ్ళను ఏపీటీ చదువదు గనుక, ఒకే మూలము రెండుమాఱులు లెక్కకు వచ్చు భయము లేదు.