ఆభా

ఆసుపత్రి ఓపీ కౌంటర్‌లో ఇప్పుడు వినిపించే ప్రశ్న: ‘ఆభా ఉందా?’ ఆయుష్మాన్ భారత్ హెల్త్ అకౌంట్‌కు పొట్టిపేరిది. రోగి ఆరోగ్య రికార్డులను డిజిటల్‌గా కలిపే 14 అంకెల సంఖ్య. ఆరోగ్యశ్రీలా ఉచిత వైద్యం ఇచ్చే కార్డు కాదు. 2020 ఆగస్టు 15న, ఆభా భాగమైన డిజిటల్ ఆరోగ్య పథకాన్ని ప్రయోగాత్మకంగా మొదలుపెట్టిన ఆరు కేంద్రపాలిత ప్రాంతాల్లో అండమాన్ నికోబార్ ఒకటి. అంతకు ఐదు రోజుల ముందే చెన్నై నుంచి ఆ దీవులకు సుమారు 2,300 కిలోమీటర్ల సముద్రగర్భ కేబుల్ ప్రారంభమైంది. నెట్ లేనిచోట డిజిటల్ రికార్డేమిటి మరి!

ఆ దీవుల్లోని కార్ నికోబార్ రోగి ఓడెక్కి పోర్ట్ బ్లెయిర్ (ఇప్పటి శ్రీవిజయపురం) జి.బి. పంత్ ఆసుపత్రికి వస్తే, సంచిలో మందుల చీటీ తడిసిపోయినా పాత వివరాలు ఫోన్‌లో దొరకాలన్నది ఉద్దేశం. కార్ నికోబార్‌లో వైద్యం చేసినవాళ్లు వాటిని ఎక్కించి ఉంటేనే సుమా! రోగి ఒప్పుకుంటేనే అవి మరో డాక్టరుకు కనిపిస్తాయి; ఇచ్చిన అనుమతిని రద్దు చేసుకోవచ్చు. ఆభా తీసుకోవడం తప్పనిసరి కాదు.