దడదడలాడే వైపర్‌కు మందు

గ్లాసు మీది నీళ్లను పక్కకు నెట్టేది వైపర్ బ్లేడు మొత్తం కాదు, రబ్బరు చివర మిల్లీమీటరు మందం కూడా లేని అంచు. అది ఎప్పుడూ ఒక పక్కకు వాలి గ్లాసు మీద ఈడ్చుకుంటూ పోతుంది. వైపర్ వెనక్కి తిరగగానే అంచు రెండో పక్కకు వాలాలి. అలా వాలకపోతే గ్లాసుకు ఎదురు పొడుస్తుంది. కాసేపు పట్టుకుంటుంది, కాసేపు జారుతుంది. వానలో డ్రైవరు చెవిన పడే దడదడ అదే.

దడ వచ్చిందనగానే షాపుకెళ్లి కొత్త బ్లేడ్లు కొనడం అలవాటు. చాలాసార్లు తప్పు వాటిది కాదు, గ్లాసుది. గోదావరి డెల్టాలోని రామచంద్రపురం లాంటి చోట ఇది మరీ నిజం. దాళ్వా కోతల్లో ధాన్యం దుమ్ము, ఎండుగడ్డి నలుసు కార్ల మీద పడతాయి. ఉప్పుడు బియ్యం మిల్లుల బాయిలర్లలో ఊక తగలబెడతారు. ఆ బూడిదలో అధిక భాగం సిలికా, అంటే ఇసుకలో ఉండే పదార్థమే. దాని మీద పొడిగా వైపర్ తిప్పితే రబ్బరు అంచు అరుగుతుంది, గ్లాసు మీద సన్నగీతలు పడతాయి. లారీల డీజిలు పొగ తెచ్చే జిడ్డు వేరే. జూన్‌లో మొదటి వాన పడగానే ఇవన్నీ కలిసి పాలు ఒలికినట్టు పొర కడతాయి.

అందుకే మొదట గ్లాసును ధారాళంగా నీళ్లు పోసి కడగాలి, తర్వాతే గుడ్డ ముట్టించాలి. వరద రోజుల్లో కాలవల్లో పారే ఎర్రనీళ్లు దీనికి పనికిరావు. వాటిలోని ఒండ్రు గ్లాసు మీదే మిగిలిపోతుంది. కారు షాంపూతో రుద్ది, ఆరాక ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తడిపిన గుడ్డతో తుడిస్తే జిడ్డు, పాలిష్ మైనం పోతాయి. చివర గ్లాసు మీద నీళ్లు చల్లి చూడాలి. పల్చగా పరుచుకుంటే శుభ్రపడినట్టు. నీటిని జార్చే పూత వేయించని గ్లాసు మీద కూడా ముత్యాల్లా నిలిస్తే జిడ్డు ఇంకా ఉన్నట్టే. వైపర్ పాడైన లారీల్లో సిగరెట్టు చిదిమి పొగాకు గ్లాసుకు రుద్దే పాత చిట్కా ఒకటుంది. ఆ పూట గడవడానికి సరే, వైపర్ బాగయ్యాక ఆ మరక కూడా కడగాల్సిందే.

తర్వాత రబ్బరు. తడిగుడ్డతో తుడిచి, అంచు వెంట గోరు నడిపితే పగుళ్లు, గాట్లు తెలుస్తాయి. ప్రతిసారీ ఒకేచోట నీటిగీత మిగులుతోందంటే అక్కడ గాటైనా ఉండాలి, నలుసైనా ఇరుక్కుని ఉండాలి. గోదావరి జిల్లాల ఎండకు రబ్బరు గట్టిపడుతుంది. ఆర్నెల్లకో, ఏడాదికో మార్చక తప్పదు. కిరోసిన్ పూస్తే రబ్బరు ఉబ్బుతుంది, కొబ్బరినూనె పూస్తే గ్లాసంతా అలుకుతుంది. గరుకు కాగితంతో అంచు రుద్దడం అంతకన్నా చెరుపు.

గ్లాసు శుభ్రంగా ఉండి, బ్లేడు కొత్తదై, అయినా ఒకవైపు వెళ్లేటప్పుడే దడ వస్తోందా? అప్పుడు బ్లేడును పట్టి ఉంచే వైపర్ చెయ్యి మెలిపడి ఉంటుంది. కడిగేవాళ్లు లాగినా, కవరు తగులుకున్నా ఇలా అవుతుంది. వైపర్ సగం దారిలో ఉండగా ఇగ్నిషన్ ఆపి పక్కనుంచి చూస్తే, బ్లేడు గ్లాసు మీద నిటారుగా నిలబడి ఉండాలి. ఒరిగితే, బ్లేడు తీసి, చెయ్యి కొసను గుడ్డ చుట్టిన రెండు పానాలతో పట్టుకుని కొద్దికొద్దిగా తిప్పాలి. ఈ పనంతా అయ్యేవరకు గ్లాసు మీద మడతపెట్టిన తువ్వాలు పరిచి ఉంచాలి. బ్లేడు లేని ఇనుప చెయ్యి స్ప్రింగు బలంతో చేజారి పడితే గ్లాసు పగులుతుంది, అప్పుడు ఖర్చు వేలల్లోకి పోతుంది.

బ్లేడు నడుమ మాత్రం తుడవకుండా వదిలేస్తుంటే వంపు చెడిందని, వేగంలో గ్లాసు మీంచి లేస్తుంటే స్ప్రింగు వదులైందని అనుమానించాలి. స్ప్రింగు వదులైతే చెయ్యే మార్చాలి. రెండు చేతులూ ఊగుతూ, పార్కింగు చోటికి సరిగ్గా చేరకపోతే లోపలి కడ్డీల బుష్‌లు అరిగి ఉండొచ్చు. అది ఇంటిదగ్గర చేసే పని కాదు, మెకానిక్‌ది.