సాయంకాలపు మేఘం – సుడిగాలి సూచన

తెలుగువారికి తుపాను కొత్త కాదు. బంగాళాఖాతంలో వాయుగుండం బలపడుతున్నదని తెలిస్తే తీరవాసులకు నేడు రెండు మూడు రోజుల వ్యవధి చిక్కుతుంది. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెన తరువాత అటువంటి హెచ్చరికల విలువ ఎవరికీ వేరే చెప్పనవసరం లేదు. అయితే ఆ అలవాటుతో విన్నిపెగ్ వేసవి సాయంకాలాలను అంచనా వేయరాదు. తుపాను వందల కిలోమీటర్ల మేర విస్తరిస్తుంది. టోర్నడో వెడల్పు సాధారణంగా కొన్ని వందల మీటర్లకు మించదు. ముందుగా దొరికే వ్యవధి నిమిషాలే. దీనిని మన భాషలో సుడిగాలి అనవచ్చును గాని, ఆ మాట వినగానే ఎండుటాకులను గిరగిర త్రిప్పే వేసవి గాలి మనసున మెదలి, ముప్పు చిన్నదనిపిస్తుంది.

విన్నిపెగ్‌కు పశ్చిమంగా సుమారు 40 కిలోమీటర్ల దూరాన ఈలై అనే చిన్న ఊరున్నది. 2007 జూన్ 22, శుక్రవారం సాయంకాలం ఆరున్నర ప్రాంతంలో అచ్చట టోర్నడో నేలకు దిగింది. సుమారు అరగంట సేపు తిరిగి, అయిదారు కిలోమీటర్లు మాత్రమే ప్రయాణించింది. మొదట దానిని ఫుజిటా కొలమానంలో ఎఫ్4గా లెక్కించారు. ఒక ఇల్లు పునాది నుండి లేచి గాలిలో ఎగిరిపోయిన వీడియో దృశ్యాలను పరిశీలించిన మీదట, సెప్టెంబరులో ఎఫ్5గా సవరించారు. అనగా గాలి వేగం గంటకు 420 కిలోమీటర్ల పైమాట! కెనడాలో అధికారికంగా ధ్రువపడిన మొదటి ఎఫ్5 అదే. ప్రాణనష్టం జరగకపోవడం విశేషం.

సాయంకాలమే ఎందుకు? పగలంతా ఎండకు నేల కాగుతుంది. దక్షిణం నుండి వచ్చే తేమకు ప్రెయిరీ పైరులు విడిచే ఆవిరి తోడవుతుంది. పైన వెచ్చని పొర ఒకటి, ఎసరు మరిగే గిన్నెపై మూతవలె, ఈ గాలిని గంటల తరబడి అణచి ఉంచుతుంది. పొద్దు వాలేవేళకు ఆ మూత తొలగినదా, మేఘం ఒక్క గంటలోనే పది పన్నెండు కిలోమీటర్ల ఎత్తు పెరుగుతుంది. ఎత్తు పెరిగేకొద్దీ గాలి దిశ, వేగం మారుతున్నప్పుడు ఆ మేఘమే తిరుగుట మొదలిడుతుంది.

ఈ పరిస్థితులు కూడుతున్నాయని ఉదయమే చెప్పవచ్చును. ఏ ఊరిపై మేఘం లేస్తుందో మాత్రం చెప్పలేరు. అందుకే ఎన్విరాన్‌మెంట్ కెనడా వారి ప్రకటనలు రెండు విధాలు. 'వాచ్' అంటే అవకాశమున్నది, ఆకాశంపై కన్ను వేసి ఉంచమని. 'వార్నింగ్' అంటే టోర్నడో కనబడినది, లేదా రాడార్‌లో దాని జాడ తోచినది, తక్షణం నేలమాళిగలోకి దిగమని. విన్నిపెగ్‌కు వాయవ్యంగా ఉన్న ఉడ్‌లాండ్స్ డాప్లర్ రాడార్ మేఘంలోని భ్రమణాన్ని పసిగట్టగలదు. కాని భూమి గుండ్రన కావడంతో, దూరం పోయేకొద్దీ దాని కిరణం నేలకు ఎత్తుగా సాగుతుంది. క్రింద జరిగేది దానికి అందదు. పైగా తిరిగే ప్రతి మేఘమూ టోర్నడోను దించదు. ప్రతిదానికీ హెచ్చరిస్తే జనం నమ్మడం మానుతారు, వేచి చూస్తే ఆలస్యమవుతుంది. సూచకుని కష్టమంతా ఇక్కడే ఉన్నది. 2018 నుండి ఈ వార్నింగులు సెల్‌ఫోన్లకు కూడా చేరుతున్నాయి.

చీకటి పడి నేల చల్లబడితే టోర్నడో అవకాశం సాధారణంగా తగ్గుతుంది. అయితే విడివిడి మేఘాలు వరుసకట్టి, వానతో చల్లబడిన బరువైన గాలిని ముందుకు త్రోస్తాయి. సుడి లేని ఈ తిన్నని ఈదురుగాలి కూడా చెట్లను కూల్చగలదు. గంటకు 90 కిలోమీటర్లు చేరగలదనిపిస్తే దానికీ హెచ్చరిక వెలువడుతుంది; ఒక్కొక్కప్పుడు అది ఇంటిల్లిపాదీ నిద్రకుపక్రమించే వేళ అవుతుంది.