ప్రకటనల ఖర్చు – ఫలితముల లెక్క

చిన్న వ్యాపారి పెట్టుబడిలో కొంత అప్పు తెచ్చినదై యుండును. అట్టి ధనమును ప్రకటనలపై వెచ్చించునపుడు, ఏ ప్రకటన కొనుగోలుదారుని అంగడికి రప్పించినదో తెలిసికొనుట అత్యవసరము. మనము చూచు పలు దుకాణములలో అమ్మకముల లెక్క గలదు గాని ఈ లెక్క లేదు.

దీనికి పాత మార్గమే యొకటి కలదు. అమెరికా ప్రకటనల నిపుణుడు క్లాడ్ హాప్‌కిన్స్ 1923లో వెలువరించిన ‘సైంటిఫిక్ అడ్వర్టైజింగ్’ గ్రంథమున, ప్రకటనలకు గుర్తు గల చీటీలను జతపరచి, తిరిగివచ్చిన వానిని లెక్కించు పద్ధతిని సమర్థించెను.

హైదరాబాదు లాడ్ బజారులో ఒక గాజుల దుకాణమును ఊహింతము. యజమాని 2,000 రూపాయలతో కరపత్రములు పంచి, 3,000 రూపాయలతో పత్రికలో ప్రకటించి, రెండింటిలోను వేర్వేరు గుర్తులు గల తగ్గింపు చీటీల నుంచెననుకొందము. కరపత్రపు చీటీలు 40, పత్రిక చీటీలు 20 తిరిగివచ్చినవి. తగ్గింపు పోగా బేరమునకు 100 రూపాయలు మిగిలినచో, కరపత్రము 2,000 రూపాయల లాభమును, పత్రిక 1,000 రూపాయల నష్టమును తెచ్చినట్లు తోచును.

అయితే రంజాను మాసమున ప్రకటన లేకున్నను గిరాకి పెరుగును. చీటీ తెచ్చినవారిలోను ఎటులైనను రాదలచినవారుందురు. కావున ఒకే తీరు గల రెండు పేటలలో ఒకదానియందే కరపత్రములు పంచి, ఏ పేటనుండి ఎందరు వచ్చిరో అడిగి వ్రాసికొని పోల్చవలెను. ఆ వ్యత్యాసమే ప్రకటన ఫలము.

నేడు కరపత్రమునకు బదులు వాట్సాప్ సందేశము వచ్చినను ఈ లెక్క మారదు. విద్యార్థి మిత్రులారా, మీ ఇంటి దుకాణమున నేడే ఒక నోటుపుస్తకము తెరువుడు.