మన ఇళ్ల రొట్టెలు

గోదావరి డెల్టాలో పాతతరం వారికి రొట్టె అనగానే ముందు గుర్తుకొచ్చేవి బియ్యప్పిండి, మినప్పప్పు. కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట పనులు 1847లో మొదలై 1852లో పూర్తయ్యాక ఈ నేలంతా వరిచేలయింది. ఇంట్లో ఎప్పుడూ ఉండేవి బియ్యం, మినుములు, కొబ్బరి, బెల్లం. మన రొట్టెలూ వాటితోనే తయారయ్యాయి. గోధుమపిండి పండుగలకు, ఫాతిహాలకు తెచ్చుకునేవారు.

బక్రీదు నాడు మాంసం కూరలోకి బియ్యపు రొట్టె ఉండాల్సిందే. గోధుమపిండికి ఉండే సాగే గుణం బియ్యప్పిండికి లేదు. అందుకే ఉప్పు వేసి మరిగించిన నీళ్లలో పిండి పోసి, కలియబెట్టి, చెయ్యి కాలుతున్నా వేడి మీదే మర్దించాలి. చల్లారితే అంచులు పగులుతాయి. కాల్చిన రొట్టె కూడా కాసేపటికే బిరుసెక్కుతుంది. దుకాణంలో నిలవ పెట్టి అమ్మడానికి పనికిరాదు కనుకనే, ఇంట్లో చేసేవారు తగ్గగానే ఇది కనబడకుండా పోతోంది.

దిబ్బరొట్టె కులమతాలతో పనిలేకుండా గోదావరి వాళ్లందరిదీ. రుబ్బిన మినప్పప్పులో నానిన బియ్యపు రవ్వ కలిపి, నూనె వేసిన మందపాటి మూకుడులో మూడువేళ్ల ఎత్తున పోసి మూత పెడతారు. పూర్వం కింద సన్న సెగ, మూత మీద కొబ్బరిచిప్పల నిప్పులు ఉండేవి. పైన ఎర్రగా కరకరలాడుతూ, లోపల మెత్తగా ఉడికేది. మనం బిర్యానీకి దమ్ పెట్టే పద్ధతీ ఇదే. దీన్ని చెరకు పానకంతో తినడం ఈ ప్రాంతపు రుచి. పాలకొల్లు వైపు టిఫిన్ హోటళ్లలో ఇప్పటికీ దొరుకుతుంది. బియ్యపు రొట్టెకు ఆ అదృష్టం లేదు.

మలీదా సంగతి వేరు. వేడి గోధుమ రొట్టెలను చిదిమి బెల్లం, నెయ్యి, ఏలకులు కలిపి చేసే ఈ వంటకం పీర్ల పండుగలోనూ, ఉరుసుల్లోనూ హిందువుల ఇళ్ల నుంచి కూడా వస్తుంది. ఒక్క ఇంటి కోసం దాన్ని ఎవరూ చేయరు. చేసిందంతా పంచడానికే.

రొట్టెను పంచుకోవడం ఎంత పెద్ద ఆచారం కాగలదో నెల్లూరు చూపిస్తుంది. ఏటా మొహర్రం నెలలో బారాషహీద్ దర్గా పక్కన స్వర్ణాల చెరువులో రొట్టెల పండుగ జరుగుతుంది. చదువు రొట్టె, పెళ్లి రొట్టె, ఆరోగ్య రొట్టె అంటూ కోరిక ఉన్నవారు రొట్టె తీసుకుంటారు. కోరిక తీరినవారు మరో ఏడు వచ్చి రొట్టె ఇస్తారు. ఆ నమ్మకంపై మనలో భిన్నాభిప్రాయాలు ఉండవచ్చు. కానీ పుచ్చుకున్న చెయ్యి రేపు ఇచ్చే చెయ్యి కావాలన్న భావన మనందరికీ తెలిసిందే. మిలాదున్నబీ నాడు ఆసుపత్రుల్లో రోగులకు పళ్లు, రొట్టెలు పంచడం వెనుక ఉన్నదీ అదే.

ఇక దాతలకు మా మనవి. వేడి పిండిని మర్దించే ఒడుపు ఇవాళ ఎక్కువగా పెద్దవయసు స్త్రీల చేతుల్లో ఉంది. వారిలో భర్తను పోగొట్టుకున్నవారూ, రోజు గడవడం కష్టమైనవారూ ఉన్నారు. వారికి చెయ్యి చాపడం ఇష్టం ఉండదు, పని దొరికితే సంతోషం. మీ ఇంట అఖీఖాకో, వలీమాకో, ఇఫ్తార్‌కో రొట్టెలు కావాలంటే ముందురోజే వారికి చెప్పండి, కూలి బేరమాడకుండా ఇవ్వండి. ఉలమాలను సంప్రదించి, అర్హురాలైన స్త్రీకి జకాత్ సొమ్ముతో గ్రైండరు, పెనాలు కొనిచ్చి ఆమె సొంతం చేయండి. పక్కన కూర్చుని నేర్చుకునే ఆడపిల్లకు కూడా కొంత కూలి కట్టండి. ఆ పెద్దామె ఇంట పొయ్యి వెలుగుతుంది, రొట్టె చేసే పద్ధతి మరో తరానికి అందుతుంది.

అల్లాహ్ మీ దానాలను స్వీకరించుగాక. ఆమీన్.